సమస్య ఆధారిత అభ్యసనం: మెట్ట నెల్లూరులో ఎలక్ట్రీషియన్ చదువు

సమస్య ఆధారిత అభ్యసనం ఒక బోధన పద్ధతి. ఇందులో అధ్యాపకుడు ముందు సూత్రం చెప్పి తర్వాత లెక్క ఇవ్వడు. జవాబు తెలియని చిక్కునే ముందు పెడతాడు. విద్యార్థులు నలుగురైదుగురు జట్టుగా కూర్చుని, తమకు తెలిసిందేదో తెలియనిదేదో తేల్చుకుంటారు. తెలియనిదాన్ని పుస్తకంలో చూసో, మీటరుతో కొలిచో, పని తెలిసినవాళ్లను అడిగో తెలుసుకుని మళ్లీ చిక్కు దగ్గరికి వస్తారు. వైద్యవిద్యలో మొదలైన ఈ పద్ధతి ఇంజినీరింగుకు, అక్కణ్ణుంచి వృత్తివిద్యకు పాకింది. ఐటీఐల్లోని ఎలక్ట్రీషియన్ ట్రేడు, ఇంటర్మీడియట్ ఒకేషనల్‌లోని ఎలక్ట్రికల్ కోర్సులు, పాలిటెక్నిక్ డిప్లొమా, ఈ మూడింటికీ ఇది పనికొస్తుంది. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలోని ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలను ఉదాహరణగా తీసుకుని ఈ వ్యాసం దాన్ని పరిచయం చేస్తుంది.

ప్రాంతం, కరెంటు

జిల్లాకు తూర్పున పెన్నా డెల్టా, కాలువలు, వరి. పడమటికి పోయేకొద్దీ నేల రాళ్లతేలి, నీళ్లు లోతుకు పోతాయి. సోమశిల జలాశయం ఆత్మకూరుకు దగ్గర్లోనే, అనంతసాగరం మండలంలో ఉన్నా ఆ నీళ్లు ప్రధానంగా దిగువ ఆయకట్టుకు పోతాయి. ఉదయగిరి, దుత్తలూరు, వరికుంటపాడు, సీతారామపురం, మర్రిపాడు వైపు మెట్ట పొలాలకు బోరే దిక్కు. బత్తాయి, నిమ్మ తోటలు బోరు మీదే బతుకుతాయి. బోరు సబ్‌మెర్సిబుల్ మోటారు మీద, మోటారు త్రీఫేజ్ కరెంటు మీద ఆధారపడతాయి. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చాక రైతుకు బిల్లు బెంగ తీరింది. మోటారు కాలిపోతుందేమోనన్న బెంగ మాత్రం తీరలేదు. ఎండాకాలంలో తోట కాపు మీదున్నప్పుడు మోటారు కాలితే, దాన్ని బోరులోంచి పైకి లాగించి, వైండింగ్ షాపుకు చేర్చి, మళ్లీ దించేసరికి రోజులు గడిచిపోతాయి. ఈలోగా కాయ రాలిపోతుంది.

ఇదే జిల్లా తీరంలో, కృష్ణపట్నం దగ్గర నేలటూరులో, ఒక్కోటి 800 మెగావాట్ల యూనిట్లతో దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం నడుస్తోంది. అక్కడ కరెంటు పుడుతుంది. ఇక్కడ, పొడవాటి లైన్ల చివర, వోల్టేజీ చాలక మోటారు మూలుగుతుంది. ఈ రెంటికీ మధ్య ఏం జరుగుతోందన్నదే ఎలక్ట్రీషియన్ చదువులో సగం పాఠం. దానికి ప్రయోగశాల ఎక్కడో లేదు, ఊరి పొలాల్లోనే ఉంది.

పాఠ్యప్రణాళికలో దీనికి చోటెక్కడ?

భారత ప్రభుత్వం 1950లో మొదలుపెట్టిన చేతివృత్తుల శిక్షణ పథకం కిందే ఐటీఐలు నడుస్తున్నాయి. అందులో ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్లది. పదో తరగతి పాసైనవాళ్లు చేరవచ్చు. యూనిట్‌కు 20 మంది. పాఠ్యపుస్తకాలను చెన్నైలోని జాతీయ బోధనా మాధ్యమ సంస్థ తయారుచేస్తుంది. 2022లో సవరించిన ప్రణాళికలో ఏడాదికి 1200 గంటల శిక్షణ ఉంది. తొలి ఏడాది అందులో 840 గంటలు చేతిపనికి, 240 గంటలు సిద్ధాంతానికి, 120 గంటలు ఉపాధి నైపుణ్యాలకు కేటాయించారు. వీటికి తోడు ఏటా 150 గంటలు దగ్గర్లోని పరిశ్రమలో పని నేర్చుకోవాలి. పరిశ్రమ దొరకనిచోట ఆ గంటల్లో జట్టుగా ఒక ప్రాజెక్టు చేయాలి.

మెట్ట ప్రాంతానికి ముఖ్యమైనది ఈ చివరి వాక్యమే. ఉదయగిరి జిల్లా కేంద్రానికి సుమారు వంద కిలోమీటర్ల దూరం. చుట్టుపక్కల పిల్లలందరికీ చోటిచ్చేంత పెద్ద కర్మాగారం లేదు. కాబట్టి ఇక్కడ జట్టు ప్రాజెక్టే గతి. దాన్ని లోటుగా చూసి, ఎక్స్‌టెన్షన్ బోర్డో డోర్‌బెల్లో తయారుచేయించి సంతకం పెట్టేయవచ్చు. అలా కాకుండా, ఆ 150 గంటలను ఊరి పొలాల్లోని అసలు చిక్కులకు కేటాయించనూవచ్చు. రెండోదే సరైన దారి. పట్నంలో పరిశ్రమకు వెళ్లిన కుర్రాడు చాలాసార్లు చేతులు కట్టుకుని చూస్తాడు. ఊరి బోరు దగ్గరైతే, నీళ్లెందుకు రావడం లేదో చెప్పమని నలుగురూ అతన్నే అడుగుతారు.

మామూలు ప్రాక్టికల్‌కూ దీనికీ తేడా ఉంది. ప్రాక్టికల్ రికార్డులో పరికరాల జాబితా, సర్క్యూటు, రావలసిన ఫలితం అన్నీ ముందే రాసి ఉంటాయి. స్టార్-డెల్టా స్టార్టర్ కనెక్షన్ ఇచ్చి మోటారు తిప్పితే పని అయిపోతుంది. ఆ పని చేతికి అవసరమే, దాన్ని ఎవరూ తీసేయలేరు. అయితే అందులో మోటారు ఎప్పుడూ తిరుగుతుంది. బయట మోటారు తిరగనప్పుడే ఎలక్ట్రీషియన్‌కు కబురొస్తుంది.

కాలిన వైండింగ్ చెప్పే కథ

మొదటి చిక్కుగా బల్ల మీద పెట్టదగినది ఒక కాలిపోయిన స్టేటర్. ఆత్మకూరు, వింజమూరు లాంటి ఊళ్లలో మోటారు వైండింగ్ షాపుకు వెళ్లి అడిగితే పాత చుట్ట తీసేయకముందు చూడనిస్తారు. విద్యార్థులకు వేయవలసిన ప్రశ్న ఒక్కటే. ఇది ఎందుకు కాలింది?

మొదట అందరూ చెప్పేది ‘ఓవర్‌లోడు’ అనే. అప్పుడు అధ్యాపకుడు జవాబు చెప్పకుండా, చుట్టలన్నీ ఒకేలా నల్లబడ్డాయో లేదో చూడమనాలి. మూడు ఫేజుల చుట్టలూ సమానంగా మాడి ఉంటే అది ఓవర్‌లోడో, తక్కువ వోల్టేజీయో, నీరు లేక చల్లబడకపోవడమో అయి ఉంటుంది. స్టార్‌లో కట్టిన మోటారులో రెండు ఫేజుల చుట్టలు నల్లబడి, మూడోది రాగి రంగులోనే మెరుస్తుంటే ఒక ఫేజు పోయిందని అర్థం. డెల్టాలో కట్టినదైతే దీనికి తిరగబడుతుంది: ఒక ఫేజు చుట్టలు మాడతాయి, మిగతా రెండూ బాగుంటాయి. ఎందుకలా? ఈ ప్రశ్న దగ్గర పుస్తకం తెరుచుకుంటుంది. స్టార్‌లో ఒక ఫేజు పోతే మిగిలిన రెండు చుట్టలు వరసగా కలిసి మొత్తం భారాన్ని మోస్తాయి. డెల్టాలో పూర్తి వోల్టేజీ అందే ఆ ఒక్క చుట్టే ఎక్కువ కరెంటు లాగుతుంది. స్టార్, డెల్టా బొమ్మలను వేల మంది పరీక్షలో గీస్తారు. మాడిన చుట్టను వేలితో చూపిస్తూ గీసినవాళ్లు మాత్రం మరిచిపోరు.

తర్వాతి ప్రశ్న దానంతటదే వస్తుంది. ఆ ఫేజు ఎక్కడ పోయింది? 11 కేవీ వైపా, ఎల్‌టీ వైపా? పల్లెల్లో ‘ఫీజు పోయింది’ అనే మాట రెంటికీ వాడతారు. కానీ రెండింటికీ గుర్తు వేరు. మోటారు విప్పి, మూడు ఫేజులకూ న్యూట్రల్‌కూ మధ్య మూడు టెస్ట్ ల్యాంపులు పెడితే, ఎల్‌టీ ఫీజు పోయినప్పుడు రెండు బాగా వెలిగి ఒకటి ఆరిపోతుంది. 11 కేవీ ఫీజు ఒకటి పోయినప్పుడు ఒకటి బాగా వెలుగుతుంది, రెండు మిణుకుమిణుకుమంటాయి. పంపిణీ ట్రాన్స్‌ఫార్మర్‌లో పై వైపు డెల్టా, కింది వైపు స్టార్ కాబట్టి, పై వైపు ఒక తీగ పోతే ఒక చుట్టకు పూర్తి వోల్టేజీ, మిగతా రెంటికీ సగం సగం అందుతుంది. ఇది పల్లెలో పెద్దలకు కంటితో తెలుసు. బల్బు సన్నగా వెలుగుతుంటే పైన ఏదో పోయిందని అంటారు. దాని కారణం తరగతిలో దొరకాలి.

దీనికోసం విద్యార్థులను ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి తీసుకెళ్లకూడదు. దిమ్మెక్కడం, ఏబీ స్విచ్ లాగడం, ఫీజు వేయడం దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ సిబ్బంది పని, అదీ లైన్ క్లియర్ తీసుకున్నాకే. ఫీజు వేయబోయి రైతులు ప్రాణాలు పోగొట్టుకున్న ఘటనలు మన పల్లెల్లో ఎన్నో. ల్యాబులో మూడు సింగిల్‌ఫేజ్ ట్రాన్స్‌ఫార్మర్లను డెల్టా-స్టార్‌గా కలిపి, ఎంసీబీ, ఎర్త్ లీకేజి బ్రేకర్ పెట్టిన బోర్డు మీద, సప్లై ఆపి ఒక తీగ తప్పించి, మళ్లీ ఇచ్చి చూస్తే ఆ మూడు బల్బులు అదే కథ చెబుతాయి. చిక్కును పొలం నుంచి తేవాలి, ప్రయోగం మాత్రం బల్ల మీదే జరగాలి. ఈ పద్ధతిని ఎలక్ట్రికల్ తరగతిలో వాడేవాళ్లు మిగతా ఏ నియమాన్ని సడలించినా దీన్ని సడలించకూడదు.

ఒక ఫేజు పోయినప్పుడు ఓవర్‌లోడ్ రిలే పడాలి కదా? 8 ఆంపియర్లు లాగే మోటారు, రెండు ఫేజుల మీద అదే పని చేయబోతే సుమారు 14 లాగుతుంది. రిలే పడి తీరాలి. పడలేదంటే ఎవరో దాని సెట్టింగు పెంచి ఉంటారు, లేదా రిలేను తప్పించి తీగ కలిపి ఉంటారు. ఎందుకు కలిపారు? వోల్టేజీ తగ్గినప్పుడల్లా స్టార్టర్ డబ్బా ఆగిపోతుంటే రైతు విసిగిపోయి ఉంటాడు. ఇక్కడికొచ్చాక విద్యార్థులకు అర్థమవుతుంది, కాలింది మోటారే అయినా మూలం లైను చివరి వోల్టేజీలో ఉందని. పాఠ్యపుస్తకంలో ఈ రెండూ వేర్వేరు అధ్యాయాలు.

కరెంటు వచ్చిన నిమిషం

రెండో చిక్కు మరింత పెద్దది. కరెంటు వచ్చిన వెంటనే ట్రాన్స్‌ఫార్మర్ ఫీజు ఎందుకు పోతుంది?

ఒకప్పుడు వ్యవసాయ కరెంటు విడతలుగా, చాలాసార్లు అర్ధరాత్రి వచ్చేది. చీకట్లో పొలానికి పోలేక రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. సరఫరా పగటిపూటకు మారాక కూడా ఆ అలవాటు పోలేదు. ఫలితం ఏమిటో లెక్క చెబుతుంది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ 433 వోల్టుల దగ్గర మోయగలిగేది సుమారు 33 ఆంపియర్లు. దాని కింద 5 హెచ్‌పీ మోటార్లు నాలుగుంటే, ఒక్కోటి 8 చొప్పున, నడుస్తున్నప్పుడు 32 ఆంపియర్లు. సరిపోయినట్టే. కానీ స్టార్టింగ్‌లో మోటారు దాదాపు ఆరింతలు లాగుతుంది. నాలుగూ ఒకేసారి లేస్తే 192 ఆంపియర్లు. అదే ఒకదాని తర్వాత ఒకటి లేస్తే, మూడు నడుస్తుండగా నాలుగోది లేచే క్షణంలో కూడా 24కు 48 కలిపి 72 మాత్రమే. తేడా కొన్ని సెకన్లది.

ఈ లెక్క వేసిన జట్టు దాదాపుగా తనంతట తానే టైమర్ దగ్గరికి చేరుతుంది. ఒక్కో స్టార్టరులో ఒక్కో ఆలస్యం పెట్టిన ఆన్-డిలే టైమర్: మొదటిదానికి 10 సెకన్లు, తర్వాతిదానికి 20, అలా. కాంటాక్టర్, టైమర్ వైరింగు సిలబస్‌లో ఉన్నదే. దాన్ని బోర్డు మీద నాలుగు చిన్న మోటార్లతో చూపించవచ్చు. ఇంకో జట్టు కెపాసిటర్ దారి పట్టవచ్చు. 5 హెచ్‌పీ మోటారుకు 2 కేవీఏఆర్ కెపాసిటర్ కడితే లైనులో కరెంటు 8 నుంచి 7 లోపుకు దిగుతుంది. నాలుగు మోటార్లకు 32 బదులు 27 ఆంపియర్లు. స్టార్టింగ్ దెబ్బ దీనితో పోదు, నడిచేటప్పటి భారం మాత్రం తగ్గుతుంది. రెండు జట్లూ ఎదురెదురుగా కూర్చుని, ఎవరి జవాబు దేనికి పనికొస్తుందో వాదించుకునే గంట ఈ పద్ధతిలో అన్నిటికన్నా విలువైనది. అక్కడ అధ్యాపకుడు తీర్పు చెప్పడానికి తొందరపడకూడదు.

అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. నా స్టార్టరే ఎందుకు చివర లేవాలని నాలుగో రైతు అడుగుతాడు. దానికి సర్క్యూటులో జవాబు లేదు. పిల్లలు ఆ నలుగురినీ ఒక చెట్టు కింద కూర్చోబెట్టి, ‘అన్నా, అర నిమిషం ఆగితే ఫీజు నిలబడుతుంది’ అని ఒప్పించాలి. కొలవడం ఎంత చదువో, వినేలా చెప్పడం కూడా అంతే చదువు. ప్రణాళికలో ఉపాధి నైపుణ్యాల పేరుతో ఉన్న గంటలకు ఇంతకన్నా మంచి వినియోగం ఉండదు.

కేబుల్, ఎర్తింగు

చిన్న చిక్కులు ఇంకా ఉన్నాయి. స్టార్టరు నుంచి బోరులో మోటారు దాకా 300 మీటర్ల కేబుల్ పడిందనుకుందాం, గట్టు మీద సగం, బోరులోకి సగం. 8 ఆంపియర్లకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్‌లో సుమారు 25 వోల్టులు పోతాయి. 4 అయితే 15, 6 అయితే 10. లైను చివర 380 వోల్టులే వస్తున్నచోట సన్నపు కేబుల్ వేస్తే మోటారుకు చేరేది 355. టార్కు వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి 415 దగ్గర ఉండవలసిన శక్తిలో పావుకు పైగా పోతుంది. లో టెన్షన్ సరఫరాలో 6 శాతానికి మించి తేడా రాకూడదని 1956 నాటి విద్యుత్ నిబంధనలు చెప్పాయి. ఈ మోటారు దగ్గర అది 14 శాతం దాటింది. కేబుల్ కొనేటప్పుడు మిగిలిన డబ్బు వైండింగ్ షాపులో పోతుందని కాగితం మీద చూపిస్తే రైతు కాదనడు.

ఎర్తింగు పాఠానికి ఈ ప్రాంతం మంచి బడి. రాతినేలలో, మే నెలలో, ఎర్త్ గుంతకు నిరోధం బాగా పెరుగుతుంది. ఉప్పు, బొగ్గు, పొడవైన పైపు, నీళ్లు పోయడం, ఇవన్నీ పుస్తకంలో ఒక్క పేరా. ఒకే గుంతను వానాకాలంలో, ఎండాకాలంలో ఎర్త్ టెస్టరుతో కొలిచి, రెండు అంకెలనూ పక్కపక్కన రాసుకున్న జట్టుకు ఆ పేరా ఎందుకుందో తెలుస్తుంది.

పుట్టుక, వ్యాప్తి

ఈ పద్ధతికి పేరు, రూపం 1969లో కెనడాలోని హామిల్టన్‌లో, మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో వచ్చాయి. రోగి సమస్యతో మొదలుపెట్టి శరీరశాస్త్రం నేర్పాలన్నది అక్కడి ఆలోచన. హొవార్డ్ బారోస్ దీన్ని విస్తరించి రాశాడు. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో దీన్ని ఏడు మెట్లుగా క్రమబద్ధం చేశారు. 1974లో మొదలైన డెన్మార్క్‌లోని ఆల్బర్గ్ విశ్వవిద్యాలయం ఇంజినీరింగులో జట్టు ప్రాజెక్టుల చుట్టూ చదువునంతా అల్లింది. వృత్తివిద్యకు దగ్గరి నమూనా అదే.

మన దేశంలో పనితో చదువు అన్న ఊహ అంతకన్నా పాతది. గాంధీజీ నయీ తాలీం 1937లో వార్ధా సమావేశంలో రూపుకట్టింది. అంతకుముందే, 1921 ఏప్రిల్ 7న, నెల్లూరు జిల్లాలోనే పెన్నా ఒడ్డున పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ఆయన ప్రారంభించారు. మన పల్లెలకు ఇంకా దగ్గరగా ఉన్నది మహారాష్ట్రలోని పాబళ్‌లో 1983లో డాక్టర్ ఎస్.ఎస్. కల్‌బాగ్ స్థాపించిన విజ్ఞాన్ ఆశ్రమ్. అక్కడ ఊరికి కావలసిన పనులు చేస్తూనే పిల్లలు విద్యుత్తు, వ్యవసాయం, వర్క్‌షాపు పనులు నేర్చుకుంటారు. ఉదయగిరి లాంటి చోట అనుసరించడానికి డెన్మార్క్ కన్నా పాబళ్ అనువైనది. అక్కడి వనరులూ ఇక్కడి వనరులూ ఒకే తీరువి.

అభ్యంతరాలు

2006లో కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ రాసిన వ్యాసం ఈ తరహా పద్ధతులన్నిటి మీదా గట్టి విమర్శ చేసింది. విషయం కొత్తగా నేర్చుకునేవాడికి తక్కువ దారి చూపి వదిలేస్తే బుర్ర మీద భారం పెరిగి, అసలు పాఠం అంటదని వాళ్ల వాదన. మరుసటి ఏడాది హ్మెలో-సిల్వర్, ఆమె సహచరులు జవాబిచ్చారు. సరిగా నడిపే సమస్య ఆధారిత తరగతిలో దారి చూపడం తక్కువ కాదని, అది ప్రశ్నల రూపంలో ఉంటుందని వాదించారు. ఎలక్ట్రీషియన్ ట్రేడుకు ఈ విమర్శ వర్తించే చోటు ఉంది. తొలి ఏడాది మొదటి నెలల్లో ఓమ్ సూత్రం, మీటరు పట్టుకోవడం, తీగ జాయింటు, భద్రత, ఇవి నేరుగా చెప్పి, చేసి చూపించి, చేయించి నేర్పవలసినవే. ఫేజుకు న్యూట్రల్‌కు తేడా తెలియని కుర్రాడి ముందు కాలిన మోటారు పెడితే వాడు నేర్చుకునేది బెదిరిపోవడమే. మొదటి ఏడాది చివర చిన్న చిక్కులు, రెండో ఏడాది పెద్దవి అన్న క్రమం సరైనది.

భాష సమస్య కూడా ఉంది. పిల్లలు ఇంట్లో, పొలంలో, వైండింగ్ షాపులో మాట్లాడేది తెలుగు. చిక్కును తెలుగులో చర్చించి, తేలిన విషయాన్ని పుస్తకపు ఇంగ్లీషు మాటలతో రాయించడం చాలామంది అధ్యాపకులు తమంతట తాము కనిపెట్టిన మార్గం. అది మంచి మార్గం.

అధ్యాపకుడు, మూల్యాంకనం

ఈ పద్ధతిలో అధ్యాపకుడి పని తగ్గదు, పెరుగుతుంది. 20 మంది నాలుగు జట్లయితే, నాలుగు దారుల్లో పోతున్న ఆలోచనలను ఒకేసారి కనిపెట్టి ఉండాలి. జవాబు తెలిసి కూడా చెప్పకుండా నిగ్రహించుకోవాలి. తనకే జవాబు తెలియని చిక్కు వస్తే, తెలుసుకుని చెబుతానని ఒప్పుకోవాలి. అనుభవమున్న లైన్‌మన్‌నో, వైండింగ్ మేస్త్రీనో తరగతికి పిలిచి, విద్యార్థుల ప్రశ్నలకు జవాబు చెప్పించడం ఎక్కువ ఖర్చు లేని పని. సర్టిఫికెట్ లేని మేస్త్రీ దగ్గర పాఠం వినడం చిన్నతనమని ఏ సంస్థా అనుకోకూడదు. కాలిన చుట్టలను ఆయన చూసినన్ని ఎవరూ చూసి ఉండరు.

పరీక్షే అన్నిటికన్నా పెద్ద అడ్డంకి. ఐటీఐ సిద్ధాంత పరీక్ష ఇప్పుడు కంప్యూటరు మీద బహుళైచ్ఛిక ప్రశ్నలతో జరుగుతుంది. నాలుగింటిలో ఒకటి ఎంచుకోవడానికి, ఏమీ ఇవ్వని చోట కారణం వెతకడానికి సంబంధం తక్కువ. అందుకే ప్రాజెక్టు మార్కుల్ని నిజంగా వాడుకోవాలి. తయారైన వస్తువును చూసి వేయకూడదు. మొదట ఏ ఊహ చేశారు, ఏ కొలతతో అది తప్పని తేలింది, తర్వాత ఏం మార్చారు అన్న నోటు పుస్తకం చూసి వేయాలి. తప్పిన ఊహలు కొట్టేయకుండా ఉన్న పుస్తకానికే ఎక్కువ మార్కులు రావాలి.

ఉద్యోగం వైపు నుంచి చూసినా దీని అవసరం కనిపిస్తుంది. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు ఇంధన సహాయకులుగా, అంటే రెండో గ్రేడు జూనియర్ లైన్‌మన్లుగా, ఎలక్ట్రికల్ ఐటీఐ లేదా ఒకేషనల్ ఇంటర్ చేసినవాళ్లను తీసుకున్నారు. స్తంభం ఎక్కడం, మీటరు రీడింగు చూడటం లాంటి పరీక్షలు పెట్టారు. స్తంభం ఎక్కడం ఒడుపుతో వచ్చేస్తుంది. ఊళ్లో నాలుగు బోర్లు ఒకేసారి ఆగినప్పుడు ముందు ఏది చూడాలో తెలియడానికి మాత్రం ఇలాంటి తరగతే కావాలి.

ఇప్పుడు చిక్కుల జాబితా మారుతోంది. 2019లో మొదలైన పీఎం-కుసుమ్ పథకంతో సోలార్ పంపుసెట్లు, 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్‌తో ఇళ్ల మీద ప్యానెళ్లు పెరుగుతున్నాయి. మధ్యాహ్నం బాగా పోసిన సోలార్ పంపు సాయంత్రానికి ఎందుకు సన్నగిల్లుతుంది, దుమ్ము పట్టిన ప్యానెల్ ఎంత శక్తి పోగొడుతుంది, కంట్రోలరు ఏ వోల్టేజీ దగ్గర ఆగిపోతుంది అన్నవి రెండో ఏడాది జట్లకు సిద్ధంగా ఉన్న ప్రశ్నలు. వీటికి కావలసినవి ఒక క్లాంప్ మీటరు, ఒక డీసీ వోల్ట్‌మీటరు, పంపు పెట్టుకున్న రైతు అనుమతి. సోలార్ ప్యానెల్ ఎండ పడినంతసేపూ లైవులోనే ఉంటుంది, స్విచ్ ఆపినా దాని తీగల్లో డీసీ వోల్టేజీ అలాగే ఉంటుంది. కనుక ఆ జట్లకు మొదటి రోజు ఇవ్వవలసిన చిక్కు కూడా భద్రతదే: ఆపలేని సరఫరా మీద కొలత ఎలా తీసుకోవాలి?